జెముడు పంటలు: చీడలు, మిత్రకీటకములు, మితమైన మందులు
(ఉపన్యాస పాఠము)



ముల్లును ముల్లుతోనే తీయవలెనని పెద్దల మాట. ముళ్ళచెట్టుపై చేరిన పురుగును పురుగుతోనే తీయవచ్చునని వ్యవసాయశాస్త్రము చెప్పుచున్నది. అయితే ఇందులో ఒక షరతు కలదు. సాయమునకు వచ్చిన పురుగునకు రైతు అన్నము పెట్టనక్కరలేదు. విషము పెట్టకుండిన చాలును. ఈ చిన్న షరతును మరచి అనేక దేశముల రైతులు నష్టపోయిరి, తరువాత దిద్దుకొనిరి. ఆ కథలో తొలి ఘట్టములు మన దేశముననే జరిగినవి. కనుక జెముడు పంటలను గూర్చి, వానిని తిను పురుగులను గూర్చి, ఆ పురుగులను తిను పురుగులను గూర్చి కొంత తెలిసికొనుట ఈ సభకు అసందర్భము కాజాలదు.

జెముడును పంట యనగానే ఆశ్చర్యము కలుగుట సహజము. తెలుగునాట నాగజెముడు చేనిగట్టున కంచెగా, బంజరున పొదగా కనబడునదే కాని, దున్ని నాటి పెంచు పంటగా దానికి పేరు లేదు. దాని జన్మస్థానము అమెరికా ఖండము. మెక్సికో దేశీయులకు అది కూర, పండు, పశువుల మేత. వారి జెండా నడుమ ఉన్న గ్రద్ద వాలినది జెముడు చెట్టు పైననే. మెక్సికో నగరమునకు దక్షిణమున గల మిల్పా ఆల్టా ప్రాంతమున లేత మట్టలను కోసి కూరకై అంగళ్ళకు పంపుట ముఖ్యమైన జీవనోపాధి. ఆకులవలె కనబడు ఆ మట్టలు నిజమునకు కాండములే; ఆకులు మార్పు చెంది ముళ్ళయినవి. ఈ చెట్టు పగటియెండలో తన సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి దాచుకొనును. అందుచేత దాని నీరు వృథాగా ఆవిరియై పోదు. ఇతర పైరులు వాడిపోవు కరవునేలలో ఇది పచ్చగా నిలుచుటకు కారణమిదియే. బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగమున వర్షములు లేని నెలలలో పశువులకు మేతయు, మేతతోపాటు నీరును ఈ మట్టలే. మొరాకోలో పండ్లనమ్ముకొని, గింజలనుండి నూనె తీసి బ్రదుకు గ్రామములు కలవు.

మన దేశమున కూడ జెముడు కుటుంబము నేడు పొలములోనికి ప్రవేశించినది. డ్రాగన్ పండు అను పేర అంగళ్ళలో అమ్ముడుపోవునది తీగజెముడు పండే. గుజరాత్ ప్రభుత్వము 2021లో దానికి కమలమని పేరు పెట్టినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులును రాతి స్తంభములు నాటి, వానిపై ఈ తీగలను ప్రాకించుచున్నారు. ఇది ఒక వైపు. రెండవ వైపున, పశుగ్రాసము కొరకు ముళ్ళులేని నాగజెముడును బంజరుభూములలో పెంచుటకు కేంద్రప్రభుత్వపు భూవనరుల విభాగము పరీవాహక అభివృద్ధి పథకముల ద్వారా ప్రోత్సాహమిచ్చినది. మధ్యప్రదేశ్‌లోని సీహోర్ సమీపమున అమ్లాహా క్షేత్రమున అంతర్జాతీయ మెట్టప్రాంత పరిశోధన సంస్థవారు ఈ రకములను సేకరించి పరీక్షించుచున్నారు. కరవుసీమ రైతునకు ఇది శుభవార్తయే. కాని ఈ శుభవార్త వెనుక రెండువందల సంవత్సరముల పాత కథ యొకటి కలదు. దానిని చదువక ముందుకు పోరాదు.

పదునెనిమిదవ శతాబ్దమున మంచి ఎరుపు రంగునకు బంగారముతో సమానమైన గిరాకి యుండెను. ఆ రంగు కొచినీల్ అను చిన్నపురుగునుండి వచ్చును. ఆ పురుగు జెముడు మట్టలపై పెరుగును. అమెరికాలో స్పెయిన్‌వారు ఆ వ్యాపారమును గుత్తకు తీసికొన్నట్లు కాపాడుకొనిరి. ఈస్టిండియా కంపెనీవారికి ఆ లాభముపై కన్ను పడెను. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను కంపెనీ వైద్యుడు సైదాపేటలో దీనికొరకే జెముడు తోటను పెంచెను. 1795లో నీల్సన్ అను కెప్టెన్ బ్రెజిల్ నుండి పురుగును కలకత్తాకు చేర్చెను. అది వారు కోరిన పురుగు కాదు, దాని దాయాది. మేలైన రంగు దానినుండి రాలేదు. వ్యాపారము వ్యర్థమైనది. కాని ఆ పురుగు తన పని తాను చేసికొనిపోయెను. ఉత్తరభారతమున వ్యాపించియున్న ఒక జాతి జెముడును అది పీల్చి నశింపజేసెను. అది చూచినవారికి క్రొత్త ఆలోచన తోచెను. 1836-38 ప్రాంతమున పురుగును దక్షిణమునకు తెచ్చిరి. 1865 నాటికి సింహళమునకు కూడ చేర్చిరి. పనికిరాని మొక్కను అణచుటకు బుద్ధిపూర్వకముగా కీటకమును వినియోగించుటలో ప్రపంచమునకు ఇది తొలి ఉదాహరణములలో నొకటియైనది.

అయినను దక్షిణమున మరియొక జాతి నాగజెముడు మిగిలిపోయెను. దానిని ఈ పురుగు ముట్టలేదు. 1926లో సింహళమునుండి రెండవ జాతి కొచినీల్ పురుగును దక్షిణభారతమునకు తెచ్చిరి. శాస్త్రజ్ఞులు దీనిని డాక్టిలోపియస్ ఒపన్షియే అందురు. తెలుగు జిల్లాలును కలిసియున్న నాటి మద్రాసు రాజధానిలో కొద్ది సంవత్సరములలోనే నాగజెముడు పొదలు వేలాది హెక్టార్లలో కూలిపోయినవి. పొలములు బయటపడినవి. నాటి రైతునకు ఆ పురుగు పరమమిత్రము.

నేడు మొరాకో, బ్రెజిల్ రైతుల గుండెలలో గుబులు పుట్టించుచున్నది సరిగా ఈ జాతియే. మొక్క పంటయైనచోట అది చీడ. మొక్క పీడయైనచోట అది మిత్రము. పెరూ దేశమున, కనరీ దీవులలో దాని దాయాదియైన అసలు రంగుపురుగును ఇప్పటికిని జెముడు మట్టలపై జాగ్రత్తగా పెంచుదురు. అచ్చట పురుగే పంట. కీటకము మారలేదు. మానవుని అవసరము మారినది. ఈ మాటను మనసున నిలుపుకొనినవాడు ఏ పురుగును చూచినను వెంటనే మందుసీసా కొరకు పరుగెత్తడు. ఇది ఇచ్చట ఏమి చేయుచున్నదని ముందు విచారించును.

ఆ విచారణలో మొదటి మెట్టు పురుగు జీవితమును ఎరుగుట. ఆడు కొచినీల్‌కు రెక్కలు లేవు. అది మట్టకు నోరు గుచ్చి, కదలక, రసము పీల్చుచు జీవించును. తనపై దూదివంటి తెల్లని మైనపు కప్పును అల్లుకొనును. వ్రేలితో నలిపినచో రక్తమువలె ఎర్రని ద్రవము చిమ్మును. ఆ ఎరుపు పురుగునకు అలంకారము కాదు, కవచము. చీమలు మొదలైన శత్రువులు ఆ ద్రవమును సహింపలేవని అమెరికా శాస్త్రజ్ఞులు 1980లో నిరూపించిరి. గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలు మాత్రము కొద్దికాలము కాళ్ళతో ప్రాకును. గాలికి కొట్టుకొనిపోయి మరియొక చెట్టుపై వ్రాలును. చోటు కుదిరిన పిదప అవి నోరు గుచ్చి స్థిరపడి, మైనము కప్పుకొనును. మైనము కప్పుకొనిన పురుగుపై చల్లిన నీటిమందు తామరాకుపై నీటిబొట్టువలె జారిపోవును. అనగా పురుగును సులభముగా చంపదగిన కాలము అది ప్రాకు కొద్దిదినములే. క్యాలెండరు చూచి మందు చల్లువానికి ఆ దినములు దొరకవు. మట్టలను చూచి చల్లువానికే దొరకును.

రెండవ మెట్టు దాని శత్రువులను ఎరుగుట. తెలుగు రైతులు అక్షింతల పురుగులని పిలుచు చిన్న పెంకుపురుగులు ఇందు ముఖ్యమైనవి. వానిలో ఆస్ట్రేలియా దేశపు క్రిప్టోలీమస్ అను జాతి మిక్కిలి ప్రసిద్ధము. ఇది 1898లోనే మన దేశమునకు వచ్చినది. పెద్దపురుగు నల్లగా, తల నారింజరంగుగా, నాలుగు మిల్లీమీటర్ల పొడవుండును. దాని పిల్ల మాత్రము తెల్లని మైనపు పోగులు కప్పుకొని, తాను తిను పిండినల్లి వలెనే కనబడును. తెలియని రైతు దానిని పెద్ద పిండినల్లి యనుకొని నలిపివేయును. ఇంటి కాపలాకు వచ్చినవానినే దొంగయని కొట్టినట్లగును. గుర్తు సులభము. పిండినల్లి, కొచినీల్ చాలవరకు కదలక అంటుకొనియుండును. ఇది చురుకుగా తిరుగుచు వానిని తినును.

మూడవ మెట్టు విషము ఎవరిని ముందుగా చంపునో ఎరుగుట. దీనికి దక్షిణాఫ్రికా కథను మించిన పాఠము లేదు. అచ్చట నాగజెముడు బీళ్ళను ఆక్రమించి పశువులకు చోటు లేకుండ చేసినది. దానిని అణచుటకు కొచినీల్ పురుగును విడిచిరి. కాని పండ్లతోటలలోని పిండినల్లి కొరకు పూర్వము తెచ్చిన క్రిప్టోలీమస్ ఈ కొచినీల్‌ను కూడ తిని, పనిని చెడగొట్టుచుండెను. అప్పుడు అచ్చటి పరిశోధకులు చేసిన పని విచిత్రమైనది. జెముడు పొదలపై డి.డి.టి.ని స్వల్పమోతాదులో చల్లించిరి. అక్షింతల పురుగులు చచ్చినవి. మైనపు కప్పు క్రింద కొచినీల్ సురక్షితముగా నిలిచి, వృద్ధిపొంది, జెముడును నాశనము చేసెను. ఈ ఫలితము 1969లో ప్రకటితమైనది. వారికి కావలసినది అదియే. కాని జెముడును పంటగా పెంచు రైతు అదే పని చేసినచో ఏమగును? తన తోటకు తానే కొచినీల్‌ను పెంచిపెట్టుకొన్నవాడగును. తీవ్రమైన విషము చల్లిన కొన్ని వారములకే చీడ మునుపటికంటె ఎక్కువగా తిరిగి వచ్చుటకు కారణమిదియే. మిత్రుడు పోయెను, శత్రువు మిగిలెను.

ఈ అనుభవములనుండి పుట్టినదే సమగ్ర సస్యరక్షణ విధానము. 1959లో కాలిఫోర్నియాకు చెందిన నలుగురు శాస్త్రజ్ఞులు దీనికి స్పష్టమైన రూపమిచ్చిరి. పురుగు కనబడినంతనే మందు చల్లక, కలుగబోవు నష్టము నివారణ ఖర్చును మించునో లేదో చూడవలెనని, చల్లవలసివచ్చినను మిత్రకీటకములను కాపాడు మందునే, కాపాడు వేళలోనే చల్లవలెనని వారి సిద్ధాంతము. జెముడు తోటకు దీనిని అన్వయించినచో పనుల వరుస ఇట్లుండును.

అన్నింటికంటె ముందు నాటు మట్ట. జెముడు గింజతో కాక మట్టతో నాటబడును. మట్టతోపాటు పురుగును నాటుట కూడ అంతే సులభము. దూదివంటి చిన్న తెల్లచుక్క ఉన్న మట్టను కూడ తోటలోనికి రానీయరాదు. పరదేశమునుండి వచ్చు మొక్కలకు మన దేశమున 2003 నాటి సస్యనిర్బంధ ఉత్తరువు అమలులో ఉన్నది. కాని ఊరినుండి ఊరికి బండిపై పోవు మట్టకు రైతు కన్నే తనిఖీదారు.

తరువాతిది చేతిపని. వారమునకొకసారి తోటలో తిరిగి, మట్టల నీడవైపును, కీళ్ళను చూడవలెను. చీడ ఒకటి రెండు మట్టలకే పరిమితమై యున్నప్పుడు ఆ మట్టలను కోసి, సంచిలో కట్టి, తోట బయట పూడ్చుటయో కాల్చుటయో చేయవలెను. కోసి గట్టున పారవేసినచో వాడిపోవు మట్టనుండి పిల్లపురుగులు ప్రాకి పోవును. మెక్సికో రైతులకు ముక్కుపురుగు అను మరియొక శత్రువు కలదు. అది మట్టలను కొరికి కాండములోనికి తొలుచును. దానికి వారు నేటికిని వాడు ముఖ్య ఉపాయము చేతితో ఏరివేయుటయే. మట్టలను తొలుచు గొంగళిపురుగులు ఉన్నచోట ఉబ్బిన మట్టను కోసి వానిని తీసివేయుదురు. గొంగళిపురుగులు బయట మేయునప్పుడు మాత్రము వానికే హాని చేయు బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి మందు పనిచేయును. లోనికి దూరిన పిదప అది చేరదు.

మూడవది నీరు, సబ్బు, నూనె. బలమైన నీటిధారతో కడిగినచో చాలవరకు పురుగులు రాలిపోవును, మైనపు కప్పు చెదరును. ఆ పిదప పొటాషియం సబ్బు ద్రావణము తగిలిన పురుగులు చచ్చును. సబ్బు పురుగు పైపొరను పాడుచేసి పనిచేయును. తడి ఆరిన తరువాత దానికి ప్రభావము లేదు. ఇది దాని గుణమును, లోపమును కూడ. తగిలినదానినే చంపును కనుక మట్ట ప్రతి ముఖమును తడపవలెను. ఆరిన పిదప విషము మిగులదు కనుక తరువాత వచ్చు మిత్రకీటకమునకు హాని లేదు. వేపనూనె, వేపగింజల కషాయము ఇంకొక మార్గము. వేపలోని అజాడిరాక్టిన్ అను పదార్థము పురుగునకు మేతపై విముఖత కలిగించి, కుబుసము విడుచుటకు అడ్డుపడును. అయిదు కిలోల వేపగింజల పప్పును పొడిచేసి, నీటిలో ఒక రాత్రి నానవేసి, పలుచని గుడ్డతో వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి, మొత్తమును నూరు లీటర్లు చేసినచో అయిదు శాతము కషాయమగును. ఇట్టివానిని సాయంకాలము చల్లవలెను. ఎండవేళ సబ్బు, నూనె మట్టను మాడ్చగలవు. జెముడు మట్టపై సహజమైన మైనపు పూత ఉండును; ఘాటైన ద్రావణము దానిని కడిగివేయును. కనుక మొదట రెండు మూడు మట్టలపై చల్లి, కొన్ని దినములు చూచి, పిదప తోటకు చల్లుట వివేకము.

నాలుగవది మిత్రకీటకములను విడుచుట. ఇది సబ్బునకు ముందు కాదు, తరువాత. మృదువైన మందు అనినంతమాత్రమున అది మిత్రునకు తగులదని కాదు. సబ్బునీరు తడిసిన అక్షింతల పురుగు పిల్ల కూడ చచ్చును. చీడ విపరీతముగా నున్నప్పుడు ముందుగా సబ్బుతో దానిని తగ్గించి, కొన్నిదినములు ఆగి, మిగిలినదానిపై అక్షింతల పురుగులను విడువవలెను. చీడ పూర్తిగా లేనిచోట వానికి మేత లేక ఎగిరిపోవును. కనుక కొంత చీడను మిగుల్చుటయే ఇచ్చట నేర్పు. పురుగు ఒక్కటియు లేని తోటను కోరు రైతునకు ఈ విధానము రుచింపదు. కాపునకు నష్టము లేని తోటను కోరువానికి రుచించును.

ఈ మెట్లలో ఏ ఒక్కటియు ఒంటరిగా చాలదని పరదేశముల అనుభవము. బ్రెజిల్ ఈశాన్యమున వేలాది హెక్టార్లలో చీడకు లొంగు రకములనే నాటియుండిరి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో కొచినీల్ చీడ వ్యాపించినప్పుడు తోటలకు తోటలే కూలినవి. మేత లేక పశువులను అమ్ముకొనవలసివచ్చిన పేదరైతునకు అది పంటనష్టము మాత్రమే కాదు. పిదప వారు చీడకు లొంగని రకములను వెదకి వ్యాప్తి చేసిరి. వానిలో నొకదానికి మెక్సికో ఏనుగుచెవి అని అర్థము వచ్చు పేరు కలదు. మొరాకోలో 2014లో సీదీ బెన్నూర్ ప్రాంతమున ఈ పురుగు కనబడెను. ప్రభుత్వము 2016లో చీడపట్టిన చెట్లను పెరికి, కాల్చి, పూడ్పించెను. అయినను గాలికి ఎగురు పిల్లపురుగులు ఆగలేదు. ఊరూరి కంచెలు ఎండిపోయినవి. ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థ చీడకు తట్టుకొను ఎనిమిది రకములను గుర్తించి తిరిగి నాటించుచున్నది. ఇజ్రాయేల్‌లో 2013లో పురుగు కనబడగా, అచ్చటి శాస్త్రజ్ఞులు దాని జన్మభూమియైన మెక్సికోకు పోయి, అచ్చట దానిని తినుచున్న ఒక అక్షింతల పురుగును, ఒక చిన్న ఈగను తెచ్చి, పరీక్షించి విడిచిరి. చీడ పుట్టినచోటనే దాని విరుగుడును వెదకుట ఈ శాస్త్రమునకు పాతసూత్రము.

వ్యతిరేకముగా జరిగిన కథయు కలదు. 1925లో ఆస్ట్రేలియావారు అర్జెంటీనా నుండి కాక్టోబ్లాస్టిస్ అను రెక్కపురుగు గ్రుడ్లను తెచ్చి, సుమారు రెండుకోట్ల నలుబది లక్షల హెక్టార్లలో అల్లుకొనిన జెముడును దాని గొంగళిపురుగులచేత తినిపించిరి. క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గా గ్రామస్థులు 1936లో తమ సభామందిరమునకు ఆ పురుగు పేరే పెట్టిరి. అదే పురుగును 1957లో కరీబియన్ దీవియైన నెవిస్‌కు తెచ్చిరి. అది దీవినుండి దీవికి ప్రాకి, 1989లో ఫ్లోరిడాలో కనబడి, 2006లో మెక్సికో తీరమున ముహేరెస్ దీవిని చేరెను. జెముడే జాతీయ చిహ్నమైన దేశము గుమ్మములో నిలిచెను. మెక్సికోవారు చీడపట్టిన మట్టలను ఏరి నాశనము చేసి, ఆడుపురుగు వాసనతో మగవానిని ఆకర్షించు బోనులను పెట్టి, సంతానశక్తి లేకుండ చేసిన పురుగులను విడిచి, మూడు ఉపాయములను ఏకకాలమున నడిపిరి. 2009 నాటికి ఆ ముప్పు అచ్చట తొలగినది. విజయమునకు ప్రధానకారణము వేగము. చీడ చిన్న దీవిలో నున్నప్పుడే వారు కదలిరి.

ఇక మన డ్రాగన్ తోటలకు వచ్చినచో, అచ్చట ముఖ్యముగా బాధించునవి పిండినల్లి, పొలుసుపురుగు, పేనుబంక, చీమలు, పండుఈగ. వీనిలో చీమ పాత్రను చాలమంది గుర్తింపరు. పిండినల్లి, పేనుబంక తియ్యని బంకను విసర్జించును. చీమలు దానికొరకు వానిని పశువులవలె కాచి, అక్షింతల పురుగులను తరిమివేయును. కాపలా చీమ తిరుగుచున్నంతవరకు ఎన్ని అక్షింతల పురుగులను కొని విడిచినను సొమ్ము దండుగ. స్తంభమునకు చీమలు ఎక్కకుండ జిగురుపట్టీ చుట్టుట, స్తంభము మొదట చెత్తను తీసివేయుట ముందు చేయవలసిన పనులు. పండుఈగకు రాలిన పండ్లను ఏరి పూడ్చుట, ఎరబోనులను కట్టుట, పండునకు సంచి తొడుగుట మార్గములు. డ్రాగన్ పువ్వు రాత్రి వికసించి, ఉదయమునకు వాడును. పొద్దుననే తేనెటీగలు దానిపై వ్రాలును. పూతవేళ తీవ్రమైన మందు చల్లినచో చచ్చునది చీడయో, కాపునకు సాయపడు తేనెటీగయో రైతు యోచింపవలెను.

మిత్రకీటకములను పెంచి విడుచుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. బెంగళూరులో 1993లో జీవనియంత్రణకై ప్రత్యేక పరిశోధన సంస్థ ఏర్పడినది. నేడు అది జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థగా పనిచేయుచున్నది. క్రిప్టోలీమస్‌ను పెంచుటకు వాడు పరికరములలో ముఖ్యమైనది మన వంటింటి గుమ్మడికాయయే. గుమ్మడికాయపై పిండినల్లిని పెంచి, పెట్టెలో ఉంచి, దానిపై అక్షింతల పురుగులను వదలుదురు. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి అనేక పంటలను పాడుచేయగా, 2010లో అమెరికా సాయముతో ప్యూర్టోరికో నుండి చిన్న కందిరీగ జాతి పరాన్నకీటకమును తెచ్చి విడిచి దానిని అణచిరి. మందులకు లొంగనిది కంటికి సరిగా కానరాని ఆ జీవికి లొంగినది.

పొలము లేనివారికి ఈ విషయముతో పనిలేదని అనుకొనరాదు. ప్రభుత్వ గృహముల వసారాలలో కూడ జెముడు కుండీలు ఉండవచ్చును. కుండీలోని మొక్కపై తెల్లని దూది చుక్కలు కనబడినచో వెంటనే ఆ కుండీని తక్కినవానికి దూరముగా పెట్టవలెను. గాయములు తుడుచు స్పిరిటులో దూది ముంచి, ప్రతి చుక్కను అద్ది తీసివేయవలెను. వారము విడిచి మరల చూడవలెను. ఏలయనగా గ్రుడ్లు ఒకేసారి చావవు. మట్టి మార్చునప్పుడు వేళ్ళను చూచి, అచ్చట తెల్లని పిండి ఉన్నచో వేళ్ళు కడిగి క్రొత్తమట్టిలో నాటవలెను. పిల్లలు తిరుగు ఇంట, వంటగది ప్రక్కన, ఒక కుండీ కొరకు పొలపు మందును తెచ్చి నిలువచేయుట ఏ విధముగను క్షేమము కాదు.

ఇప్పుడు మొదట చెప్పిన శుభవార్తను మరల చూడవలసియున్నది. ముళ్ళులేని నాగజెముడును నాటదలచిన దేశమే ఒకనాడు నాగజెముడును చంపుటకు కొచినీల్‌ను తెచ్చి విడిచిన దేశము. 1926లో వచ్చిన ఆ జాతి దక్షిణమున నిలదొక్కుకొన్నది. దానిలో ఉపజాతులు కలవు. దక్షిణాఫ్రికాలో చేసిన పరీక్షలలో ఒక ఉపజాతి ఒక రకపు జెముడుపై విజృంభించి, మరియొక రకముపై క్షీణించినది. కావున మన దేశమున ఉన్న పురుగు, మనము నాటబోవు రకముపై ఎట్లు ప్రవర్తించునో తెరచాటు గదులలో ముందుగా పరీక్షించుట, లక్షల మట్టలను జిల్లాలకు పంపుటకు పూర్వము జరుగవలసిన పని. ఒకే రకమును దేశమంతట నాటక, నాలుగైదు రకములను కలిపి నాటుట బ్రెజిల్ నేర్పిన పాఠము. నర్సరీనుండి వెడలు ప్రతి మట్టను చూచి పంపుట మొరాకో నేర్పిన పాఠము. చీడ కనబడిన దినమే కదలుట మెక్సికో నేర్పిన పాఠము.

ఈ పాఠములకు అయిన ఖర్చును ఆయా దేశముల రైతులు ఇదివరకే చెల్లించియున్నారు. అనంతపురము వంటి కరవుజిల్లాలో రెండు పశువులను నమ్ముకొని, బంజరుచెక్కలో నాలుగు వరుసల జెముడు నాటుకొను రైతు వానికి రెండవసారి మూల్యము చెల్లింపకుండ చూచుట పథకములు వ్రాయువారి చేతిలోను, మట్టలు పంపువారి చేతిలోను ఉన్నది. వారిలో కొందరు ఇట్టి సభలలోనే కూర్చుండియుందురు.